తెల్లపొడి వేసిన బావి

ఈ నాలుగు ముక్కలు రాయకుండానే వదిలేసేవాణ్ణి. రాయాలంటే నా తప్పొకటి ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే ఆయన గురించి చెప్పడానికి సగమే మిగులుతుంది. పైగా నేను బడికి పోయినవాణ్ణి కాదు. నూలు కట్టల మీది చీటీలు చూసి అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. కానీ పోయిన మంగళవారం పొద్దున పళ్ళిపట్టు బస్సు కండక్టరు మా వీధి మొదట్లో బండి ఆపించి, తిరుత్తణిలో కొడుకింట్లో రంగు మామ పోయినాడని చెప్పి వెళ్ళాడు. మగ్గం గుంటలోంచి లేచి చొక్కా వేసుకుంటుంటే గుండీలు పట్టలేదు. అది ఏడుపు కాదు. పన్నెండేళ్ళ నాటి భయం లోపల ఇంకా అలాగే ఉంది.

మా వీధికంతా ఆయన రంగు మామే. నాకు మాత్రం నిజంగా మామ, మా అమ్మ పెదనాన్న కొడుకు. నూలుకు రంగు వేసేవాడు. మోచేతుల దాకా ఏ రంగు అంటిందో చూసి ఆ వారం ఏ చీరలకు గిరాకీ ఉందో మేం చెప్పుకునేవాళ్ళం. పెళ్ళిళ్ళలో వడ్డనకు వస్తే ఆ నీలం చేతులు చూసి కొత్త చుట్టాలు వద్దన్నట్టు ఆకు మీదికి వంగేవారు. ఆయన ఇంకో గరిటె ఎక్కువ వేసేవాడు. మా వీధిలో ముక్కుపొడి పీల్చని మగవాడు ఆయనొక్కడే. ఎందుకని అడిగితే, "నా తక్కెడ ముక్కేరా అల్లుడా, దాన్ని చెరుపుకొని యాడికి పోయేది?" అనేవాడు. రంగు నీళ్ళు సరిగా కాగాయో లేదో దూరం నుంచే వాసన పట్టి చెప్పేవాడు. ముక్కుపొడి సంగతి ఎత్తుకుంటే ఇంకో పది కాగితాలవుతుంది. వదిలేస్తాను.

ఆ ఏడు ఐప్పసి నెలలో, దీపావళి వానలకు ఏరు పొంగి మా వీధిలోకి వచ్చింది. మొదట మునిగింది బావి. తర్వాత మగ్గం గుంటలు. తిరుత్తణి రోడ్డు తెగింది. రెండో రోజుకు నీళ్ళు వీధి దిగిపోయాయి గాని పల్లంలో అలాగే నిలిచాయి. మగ్గాలన్నీ ఆగిపోతే మా వీధి ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పుడే తెలిసింది. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు. ఎవరింట్లో వాంతి అయినా అందరికీ వినపడేది. ఆ నీళ్ళకు వాంతులు, భేదులు పట్టుకుని మూడో రోజు ఒకరు, నాలుగో రోజు ఇంకొకరు పోయారు. ప్రతి ఇంట్లోనూ అందరూ చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. కాచుకుని తాగుదామంటే కట్టెలన్నీ నీళ్ళు పీల్చి పొగ తప్ప మంట ఇవ్వవు. నా కూతురు మొదటి పురిటికని తిరువళ్ళూరు నుంచి వచ్చి ఉంది. ఎనిమిదో నెల. బిందెలో పట్టి ఉంచిన వాననీళ్ళు ఆ రోజుతో సరి.

బురద నీళ్ళు తోడి పారబోసి, ఊరిన నీళ్ళలో తెల్లపొడి కలుపుదామన్నాడు మామ. బ్లీచింగ్ పౌడరుకు మా పేరు అది. జీపుల్లో వచ్చి ఆఫీసర్లు బావుల్లో వేసేదీ అదేనన్నాడు. వేరే ఊళ్ళో అయితే సరే అనేవాళ్ళేమో. మాది నేతగాళ్ళ వీధి. ఆ పొడితో నూలు తెల్లబరుస్తాం, చేయి కాస్త ఎక్కువైతే పోగు ఎలా పుచ్చిపోతుందో మాకందరికీ తెలుసు. నా భార్య మామ ఎదటే అనేసింది: "నూలును తినే మందు కడుపులో బిడ్డను వదులుతుందా?"

మామకు కోపం రాలేదు. చేయి ఎక్కువ కాకుండా చూసేదే తన పని అన్నాడు. నన్ను పిలిచి, పల్లంలో ఉన్న తన రంగుల కొట్టం నుంచి పొడి తెమ్మన్నాడు.

అక్కడ నీళ్ళు రొమ్ముల దాకా ఉన్నాయి. వాసానికి చుట్టుకుని పాము కూడా ఉంది. పొడి రెండు చోట్ల ఉంది. గుమ్మం పక్కన దిమ్మె మీద వాడుకలో ఉన్న డ్రమ్ము, లోపల అటక మీద సీలు తీయని డబ్బా. డబ్బా తెమ్మనే ఆయన చెప్పింది. నేను పామును చూశాను, డ్రమ్ములోంచి గిన్నె నింపుకుని వచ్చేశాను. మామ గిన్నె చూసి, "మూత ఉండిందా?" అన్నాడు. డబ్బాదేనని, మూత గట్టిగా ఉండిందని చెప్పాను. డ్రమ్ముకు మూతే లేదు. పొడి పొడే కదా అనుకున్నాను.

ఆయన బకెట్లో పొడిని ముద్దగా కలిపి, నీళ్ళు పోసి, సున్నం అడుగుకు దిగేదాకా ఆగి, పైతేట బావిలోకి దించి చేదతో పైకీ కిందికీ ఆడించాడు. గంట ఆగాలని, తను వాసన చూసి చెప్పేదాకా ఎవరూ ముట్టుకోవద్దని అందరికీ చెప్పి కూర్చున్నాడు.

నా కూతురు పెదాలు ఎండిపోయి ఉన్నాయి. అరగంట కాకముందే ఒక బిందె తోడుకుని పోయాను. తాగడానికి అది జంకింది. నేనే బతిమాలి ఒక చెంబు తాగించాను. నన్ను చూసి ఇంకో నాలుగిళ్ళవాళ్ళు తోడుకున్నారు.

గంట తర్వాత మామ దోసిట్లో నీళ్ళు తీసుకుని వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. బకెట్ అడుగున మిగిలిన తేటలో నీలం నూలు పోగొకటి ముంచి పట్టుకున్నాడు. గాలి తగిలి చావకుండా ఆ పొడిలో ప్రాణం ఉంటే రంగు విరిగిపోవాలి. పోగు నీలంగానే ఉంది. ఆయన మొహం అలా పాలిపోవడం నేను అంతకు ముందు చూడలేదు. పోగు వైపు చూసి, నా వైపు చూశాడు.

లేచి ఆ నాలుగిళ్ళకూ మా ఇంటికీ పోయాడు. వెనకే నేను. ప్రతి గుమ్మంలోనూ అదే మాట. "నేనేసిన పొడి చచ్చిపోయి ఉండాది. తప్పు నాది. ఆ నీళ్ళు పారబోయండి." ఒక ఇంటావిడ ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. తలొంచుకుని విన్నాడు. మా గుమ్మంలో నా కూతురు రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని నిలబడి ఉంది. అక్కడ కూడా తప్పు తనదేనన్నాడు. నేను నోరు తెరవలేదు.

డబ్బా కోసం ఇద్దరం కొట్టానికి పోయాం. నీళ్ళలో ఆయన ముందు, నేను వెనక. తిరక్కుండానే అన్నాడు: "నా కొట్టంలో మూతలేని డ్రమ్ము యాడుండాదో నాకు తెల్దా అల్లుడా?"

"పామును చూసి..." అన్నాను.

"భయపడి చెప్పినావు. నాకూ భయంగానే ఉండాది. పక్కకు రా, అక్కడ గుంట ఉండాది."

ఆయన ఆ సంగతి ఎత్తింది ఆ ఒక్కసారే.

డబ్బా సీలు తీయగానే ఘాటుకు నా కళ్ళు మండాయి. పోగు ముంచితే ఆకూ వక్కా నమిలేంతలో తెల్లబడింది. మళ్ళీ కలిపి, మళ్ళీ గంట ఆగాం. ఈసారి నీళ్ళలో సన్నగా వాసన తగిలింది. అంతకు మించి ఉండకూడదన్నాడు. ముందు తనే ఒక చెంబు తాగాడు. ఎవరూ ముందుకు రాలేదు. ఆయన పేగులు ఎప్పుడో రంగులో నానినవి, ఆయనకేమవుతుందని అరుగు మీద నుంచి ఎవరో అన్నారు. ఎవరూ నవ్వలేదు.

నా కూతురు మెల్లగా నడిచి బావి దగ్గరకు వచ్చింది.

"తాతా, ఈ పొడి బతికుండాదా?"

"ఉండాది తల్లీ."

"పొద్దున కూడా అట్లే అనుకుంటిమి."

"పొద్దున నేను వాసన చూడకముందే తాగితివి. ఇప్పుడు చూసినా."

చాలాసేపు చెంబు పట్టుకుని నిలబడింది. తర్వాత తాగింది. ఆమె వెనక వీధి కదిలింది.

ఆ తర్వాత మూడు రోజులు నేను అన్నం తినలేదనే చెప్పాలి. ఆమె పక్క మీద కదిలితే లేచేవాణ్ణి, పెరట్లోకి పోతే గుమ్మంలో నిలబడి వినేవాణ్ణి. పొద్దున తాగించిన ఆ చెంబు నా కళ్ళముందే ఉండేది. మామ పూటకోసారి వచ్చి, లోపలికి రాకుండా, "ఎట్లుండాది?" అని అడిగి పోయేవాడు. నాలుగిళ్ళలో ఒకాయన వాంతులతో పడ్డాడు. మామ ఆయన పక్కనే కూర్చుని ఉప్పేసిన గంజి చెంచాతో పోశాడు. బతికాడు. నా కూతురికి ఏమీ కాలేదు. రోడ్డు బాగై జీపు వచ్చేదాకా రోజూ పొద్దున ఆ పోగు ముంచి చూడందే మామ బావిని ఎవరికీ వదల్లేదు. నెల తర్వాత మనవరాలు పుట్టింది.

చచ్చిన పొడి వేసినాడని ఆ తిట్టినావిడ చాలాకాలం ఆయన్ను దెప్పేది. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు. పక్కనే ఉండి నేనూ ఊరుకున్నాను.

మంగళవారం తిరుత్తణికి నా కూతురు కూడా వచ్చింది. ఆయన్ను ఎత్తుకుపోయాక అరుగు మీద కూర్చుని, మూత గురించి, పాము గురించి, ఆ చెంబు గురించి అంతా ఆమెకు చెప్పాను. చావింట్లో స్నానం కాకుండా నీళ్ళు ముట్టరు మావాళ్ళు. ఆమె లేచి పెరట్లోకి పోయి బిందెలో గ్లాసు ముంచుకుని తాగింది. ఎవరో ముసలావిడ ఏదో అనబోయి ఆగింది. నాకూ ఒక గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది. తాగాను. నాలుగున్నర బస్సు ఐదుకు వచ్చింది.