సగం కాలువకే చాలిన చేంతాడు

నా చిన్నప్పుడు మా ఇల్లు బెజవాడ శివార్లలో, కాలువ గట్టు మీద ఉండేది. పదేళ్ళప్పుడు నాకు టైఫాయిడ్ వచ్చి తగ్గింది గానీ ఒంట్లో సత్తువ మిగల్లేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. జూన్‌లో బడి తెరిచేలోగా తేరుకోకపోతే ఆ ఏడు ఇంట్లో కూర్చోబెట్టాల్సిందే అన్నారు మా నాన్నగారు. డాక్టరుగారు పళ్ళూ, గుడ్లూ, డబ్బా పాలపొడీ చెప్పారు. అవన్నీ కొనే స్థోమత మాకెక్కడిది? గుమ్మం ముందు కాలువ పెట్టుకుని బజారుకెందుకు, ఊపిరి నిలవాలంటే ఈత నేర్పితే సరి అంది మా మేనత్త. గడ్డిమోపు తోసుకుంటూ కాలువ దాటేసే మనిషి ఆవిడ.

అమ్మ ఒప్పుకోలేదు. అమ్మ తమ్ముడు చిన్నతనంలో ఆ కాలువలోనే పోయాడు. అప్పట్నుంచీ బట్టలుతకడానికి దిగినా అమ్మ మోకాలి లోతు దాటేది కాదు. నేను రేవు వైపు చూస్తేనే కసురుకునేది. అత్తయ్య వాదించలేదు. వేసవిలో కాలువ కట్టేస్తారు గదా, నడుం లోతు కూడా ఉండదు, అప్పుడే నేర్పుతానంది. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

కాలువ కట్టేశాక ఒకరోజు పొద్దున్నే లేచేసరికి, విత్తనాలకని చూరుకు వేలాడదీసిన రెండు ఎండు సొరకాయలు కిందికి దిగి ఉన్నాయి. ఎవర్నీ ముట్టుకోనివ్వని ఆ కాయల్ని అమ్మే తన పాత చీర చింపి జోడుగా కడుతోంది.

అత్తయ్య నన్ను ఆ సొరకాయల మీద బోర్లా వేసి కాళ్ళు కొట్టడం, ఊపిరి పట్టడం నేర్పింది. నా నడుముకు బావి చేంతాడు కట్టి, రెండో కొస పట్టుకుని అమ్మ రేవులో నిలబడేది. పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకునేది. నేను కాస్త ముందుకు కదిలితే చాలు, దూడను లాగినట్టు వెనక్కి లాగేది. ఈత కన్నా ఆ లాగుళ్ళకే పిల్ల ఒళ్ళు గట్టిపడుతోందని అత్తయ్య ఏడిపించేది. కొన్నాళ్ళకు సొరకాయలు తీసేశారు గానీ తాడు మాత్రం అమ్మ తియ్యనివ్వలేదు.

జూన్‌లో నీళ్ళు వదిలారు. కాలువ ఎర్రగా, నిండుగా వచ్చింది. అవతలి గట్టు ముట్టుకుంటే బడికి పంపుతానని నాన్నగారు మాటిచ్చారు. అత్తయ్య నా పక్కనే ఈదుతోంది. సగం దాటానో లేదో, నడుము దగ్గర తాడు బిగిసింది. బావికి సరిపోయే తాడు కాలువకు చాలదని మాలో ఒక్కరికీ తట్టలేదు.

వెనక్కి తిరిగి చూశాను. తాడు నాకు ఇంకాస్త అందాలని ఒక్కో అడుగే దిగుతూ అమ్మ గుండె లోతుకు వచ్చేసింది. ఇంకొక్క అడుగు వేస్తే కాలు అందదు. లాగితే నేను వెనక్కి వచ్చేస్తాను. కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది.

"నువ్వెళ్ళమ్మా, ఆగమాక. అత్తయ్య ఉందిగా," అని తాడు వదిలేసింది.

అవతలి గట్టు మీద గడ్డి దొరకబుచ్చుకున్నాక ఏడ్చాను. ఆయాసంతో కాదు. అమ్మ ఇంకా ఆ లోతులోనే, ఖాళీ చేతులు నా వైపు చాపుకుని నిలబడి ఉంది.

ఆ జూన్‌లో ఎక్కడా కూలబడకుండా బడికి నడిచాను. ఇప్పుడు మోకాళ్ళు నా మాట వినడం లేదు గానీ ఊపిరి మాత్రం గట్టిదే. అమ్మ ఆ తర్వాత ఎన్నడూ మోకాలి లోతు దాటలేదు. నా పిల్లలు ఒక్కొక్కరే గడప దాటేటప్పుడు, ఇక చాలు ఆగండి అనే మాట నా గొంతు దాకా వచ్చేది. అప్పుడల్లా గుండె లోతు నీళ్ళలో నిలబడ్డ అమ్మ గుర్తొచ్చి, నా పిడికిలి దానంతట అదే వదులయ్యేది.