హ్యూస్టన్‌లో మాయా కాలం, ఇర్వింగ్‌లో రాహుకాలం

ఆదివారం ఉదయం ఆరింటికి ఇర్వింగ్‌లో కారెక్కాం. ప్రాచీన మాయా ప్రజల కాలగణన మీద హ్యూస్టన్ మ్యూజియంలో పెట్టిన ప్రదర్శనకు అదే చివరి రోజు. మా టికెట్లు పదిన్నరవి. పదకొండు దాటితే చెల్లవు. దారి నాలుగు గంటలు. డ్రైవింగ్ నా మిత్రుడు చలపతిది. రిటైరైన ఇంజనీరు. వెనక సీట్లో అతని మనవరాలు మేఘన. మర్నాడు క్లాసులో ఆ అమ్మాయి ప్రాజెక్ట్ ఈ విషయం మీదే.

ఇంతలో చలపతి ఫోన్ మోగింది. పంచాంగం యాప్.

"రాహుకాలం మొదలైందోయ్. ఇంకో గంటన్నర కదిలేది లేదు."

"తాతా, లేట్ అవుతాం!"

"హైవే మీద కవర్ చేస్తాలేమ్మా."

పత్రికలో ఏళ్ల తరబడి వారఫలాల ప్రూఫులు దిద్దినవాణ్ణి, నాకు నోరెత్తే హక్కు లేదు. యాత్రలో మొదటి మజిలీ గ్యారేజీ ముందే అయింది. దారికని కట్టిన ఇడ్లీలు అక్కడే ఖాళీ చేశాం. మేఘన నోట్సు చదివి వినిపించింది: మాయా వారికి రెండు లెక్కలు, ఒకటి రెండు వందల అరవై రోజులది, రెండోది మూడు వందల అరవై అయిదుది. రెండూ మొదలైన చోటే మళ్లీ కలవాలంటే యాభై రెండేళ్లు. ఏడాది చివరి అయిదు రోజులూ చెడ్డవని వాళ్లు పనులేవీ పెట్టుకునేవారు కాదట.

"చూశావా, బుద్ధిమంతులు!" అన్నాడు చలపతి.

ఏడున్నరకు బయల్దేరి, ఒక్కసారి పెట్రోలుకి ఆగి, పదకొండూ యాభైకి చేరాం. గేటు దగ్గరున్న ఉద్యోగినిది మాయా వారి గడ్డ గ్వాటెమాలా. "మా అమ్మమ్మ ఇప్పటికీ ఆ లెక్కలోనే రోజులు చెబుతుంది. కానీ ఇక్కడ టికెట్ మీద ఉన్నదే టైమ్" అంది నొచ్చుకుంటూ. మిగతా టికెట్లన్నీ అమ్ముడైపోయాయి.

మేఘన కళ్లు తుడుచుకుని తాత ఫోన్ అడిగి తీసుకుని పంచాంగం తెరిచింది. "తాతా, ఇందులో సిటీ హైదరాబాద్ అని ఉంది! పొద్దున మనం ఆగింది అక్కడి సాయంత్రం రాహుకాలానికి."

"ఇక్కడికొచ్చాక మార్చలేదమ్మా" అన్నాడు చలపతి. వచ్చి ముప్పై ఏళ్లు.

ఎవరైనా టికెట్లు వదులుకుంటారేమోనని నాలుగు దాకా లాబీలో కూర్చున్నాం. ఎవరూ వదులుకోలేదు. తిరుగుదారిలో ఐదున్నరకు ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి సిటీ ఇర్వింగ్, మేఘన మార్చేసింది.

"తాతా, రాహుకాలం. ఆపు."

"హైదరాబాద్‌లో ఇప్పుడు తెల్లవారుజాము నాలుగు. ఇంతకన్నా మంచి టైమ్ ఉంటుందా?" చలపతి స్పీడు పెంచాడు.

వెనక పెన్ను చప్పుడు వినిపించింది. మేఘన పాత ప్రాజెక్ట్ పేరు కొట్టేసి 'మా తాత క్యాలెండర్' అని రాసుకుంటోంది.

"అంకుల్, మాయా లెక్కలు రెండూ యాభై రెండేళ్లకోసారి కలుస్తాయి కదా. తాత హైదరాబాద్ లెక్కా, ఇర్వింగ్ లెక్కా ఎప్పుడు కలుస్తాయని రాయను?"

"తాతకి ఇల్లు చేరాలనిపించినప్పుడల్లా అని రాయమ్మా" అన్నాను.