వెనక తలుపు లాక్

అపార్ట్‌మెంట్ కింద కారు ఆపి, దిగకుండా లాక్ నొక్కాను. టక్‌మంది. ఆ శబ్దానికి ములకలపల్లిలో మా ఇప్పచెట్టు కింద ఆగిపోయిన తాతయ్య అంబాసిడర్ గుర్తొచ్చింది. దాని వెనక తలుపు లాక్ వదులై, ఎంత గట్టిగా వేసినా తెరుచుకునేది.

ఒకరోజు అమ్మ నాన్నతో, "ఆ ఎనక డోర్ జర బాగుచెయ్యరాదయ్యా" అంది.

"నడవని బండికి లాక్ ఎందుకే?"

"ఎందుకైతేంది, చెయ్."

నాన్న వదులైన కొక్కెం కింద సైకిల్ ట్యూబ్ ముక్క పెట్టి మరలు బిగించాడు. అమ్మ లోపల కూర్చుని తలుపు వేసి చూసుకుంది. టక్.

నాకు అనుమానం పట్టుకుంది. అంతకుముందు ఎన్నడూ కారెక్కని అమ్మకు లాక్‌తో ఏం పని? నాన్నమ్మకు తెలియకుండా ఏదో దాస్తోంది. సీటు కింద వెతికితే ఎండిన ఇప్పపూలు, తుప్పు పట్టిన పానా దొరికాయి, అంతే.

మర్నాడు మధ్యాహ్నం అందరూ తిన్నాక అమ్మ అంట్లు తోమి, మెల్లగా కారెక్కి తలుపు వేసుకుంది. ఇప్పుడు పట్టేస్తాననుకుని అద్దానికి ముఖం ఆనించాను. రెగ్జిన్ సీటు మీద కళ్లు మూసుకుని ఊరికే కూర్చుంది. చేతుల్లో ఏమీ లేదు. చాలా బాగా దాచిందనుకున్నాను.

ఇంట్లోంచి నాన్నమ్మ కేకేసింది. "మీ అమ్మ ఏడుందే?"

అమ్మ కళ్లు తెరిచి నావైపు చూసింది.

"తెల్వదు నానమ్మా" అన్నాను.

ఫోన్ మోగింది. పైనుంచి మా అబ్బాయి.

"అమ్మా, ఏడున్నవ్?"

"ట్రాఫిక్‌ల ఉన్న బిడ్డా" అన్నాను.