వరుస కలిసింది

ఆమె నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "ఇగో" అనేది, అంతే.

సిద్దిపేట పాత బస్టాండు దగ్గర నాది మొబైల్ రిపేరు షాపు. పక్కనున్న జిరాక్స్ షాపులో ఆమె పనిచేసేది. ఇద్దరిదీ బెజ్జంకి పక్కన ఒకే ఊరు. రోజూ ఒకే బస్సులో వచ్చి, వేరువేరు డోర్లలోంచి దిగేవాళ్లం. మధ్యగోడ మీద తట్టి, చేతికేదో అందిస్తున్నట్టు "ఇగో" అందంటే, చేస్తున్న పని వదిలేసి వెళ్లేవాణ్ని.

రెండేళ్లయ్యాక ఒకరోజు అడిగాను. "ఎన్నొద్దులు గీ ఇగో? బావా అని పిలువరాదు?"

ఆమె స్టేప్లర్‌లో పిన్నులు వేస్తూ, తల ఎత్తకుండానే అంది. "మీ ఇంట్ల మావోళ్లకు చాయ్ వేరే గ్లాసుల పోస్తరు. బావ ఎట్లయితవు? ముందుగాల మీ అవ్వకు చెప్పు. ఆ దినం అందరి ముంగట పిలుస్త."

"చెప్త," అన్నాను. అమ్మకు ఉగాదికి చెబుదామనుకుని దసరాకు జరిపాను. దసరా కూడా పోయింది. ఆమె మళ్లీ అడగలేదు. ఒక సోమవారం నుంచి పనికి రావడం మానేసింది.

మొన్న గజ్వేల్ బస్టాండులో భర్తతో కనిపించింది. నన్ను చూడగానే పెదవులు కదిలాయి. ఆ పాత మాటే వస్తుందనుకున్నాను.

"అన్నా, మంచిగున్నవా?" అంది. భర్త వైపు తిరిగి, "మా ఊరన్న," అని చెప్పింది.

అతను మంచివాడు. భార్య నోట అన్న అని వినగానే వరుస కలిపి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పా బావా, చాయ్ తాగుదాం."