ఓబులేసన్న ఇంట్లో నేను చెరిపేసిన పేరు

నిన్న పొద్దున ధర్మవరం నుంచి ఫోన్. "ఓబులేసన్న పోయినాడు పాపా."

ఇంకోసారి చెప్పమన్నాను. అదే చెప్పారు.

నమ్మలేదు. ఇప్పటికీ నమ్మాలని లేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. అన్నది పెనుకొండ. కొందరి ఒంటికి ఒక మలేరియా మాత్ర పడదు, వేసుకుంటే రక్తకణాలు పగిలిపోతాయి. ఆ లక్షణం తల్లి వైపు నుంచి వస్తుంది. ఎవరికి పడదో ముందే కనుక్కుని కార్డు ఇవ్వడానికి అన్న లేపాక్షి నుంచి బుక్కపట్నం దాకా ఇల్లిల్లూ తిరిగి రక్తం, వంశం వివరాలు తెచ్చేవాడు. బెంగళూరులో వాటిని కంప్యూటర్లోకి ఎక్కించేది నేను. తల్లి వైపు వంశం చూసి ఎవరికి మాత్ర పడదో అది లిస్టు ఇచ్చేది.

ఐస్ బాక్స్ ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చుంటే హిందూపురం కండక్టర్ "ఏమప్పా, చేపలా?" అన్నాడట.

"కాదబ్బా, మీ ఊరోళ్ల రక్తం."

పక్క సీటు వెంటనే ఖాళీ! ఇది ఎన్నిసార్లు చెప్పాడో, చెప్పిన ప్రతిసారీ తనే ముందు నవ్వేవాడు.

ఆ వేల పేర్లలో చాలామంది ఆడవాళ్లు రెండేసి చోట్ల కనిపించారు. ఒకచోట మనవరాలు, అదే ఇంట్లో కోడలు. డూప్లికేట్ అనుకుని ఒక్కొక్క ఎంట్రీ డిలీట్ చేశాను. అక్క కూతుర్ని చేసుకున్న ఇంట్లో పుట్టిన నాకే ఆ బుద్ధి లేకపోయింది.

లిస్టు చూసి అన్న నోట్‌బుక్కులన్నీ మోసుకుని రైలెక్కి వచ్చాడు. తిట్టలేదు.

"మన ఇండ్లల్లో ఒకే మనిషి రెండు చోట్ల ఉంటాది పాపా. ఒకచోట తీసేస్తే, ఆ తల్లి యాడనుంచి వచ్చిందో మిషన్‌కు ఎట్లా తెలుస్తాది?"

మూడు రోజులు పక్కన కూర్చుని అన్నీ సరిచేయించాడు. అన్న వాళ్ల ఇల్లొక్కటే మిగిలింది. వాళ్లమ్మ కూడా వాళ్ల నాయనకు సొంత అక్క కూతురే.

"మాది యాడికి పోతాదిలే, మళ్లా చూస్తాం" అని బ్యాగు సర్దుకున్నాడు.

నేనూ గుర్తు చేయలేదు.

పోయిన వారం అన్నకు మలేరియా. ఒళ్లు తెలియని జ్వరం. ఈ మాత్ర పడుతుందా అని డాక్టర్ అడిగితే వదిన ఇంట్లో ఉన్న పాత లిస్టు చూపించిందట. అన్న పేరుకు ఎదురుగా "ఈ మాత్ర వేసుకోవచ్చు" అని ఉంది.

అది సరిచేయకముందు నేను ప్రింట్ తీసిన లిస్టు.

మాత్ర వేశారు. రెండో రోజుకే మూత్రం నల్లగా వచ్చింది. మనిషి మళ్లీ కోలుకోలేదు.

దయచేసి కింద కామెంట్లలో ఎవరూ నన్ను ఓదార్చొద్దు.

ఈ రోజు ఆఫీసుకు వెళ్లి మీ అమ్మ పేరు రెండో చోట ఎక్కించాను అన్నా. వెంటనే మీ అక్క కొడుకులిద్దరి ఎదురుగా "రక్తం చూడాలి" అని వచ్చింది. రేపు నీ ఐస్ బాక్స్ ఒళ్లో పెట్టుకుని నేనే బస్సెక్కుతున్నా.

చాలా తిరిగావు. ఇంక నెమ్మదిగా పడుకో అన్నా. నీకైనా శాంతి దొరకాలి.