మజ్జిగ గిన్నెలో చేతులు

మొన్న ఆదివారం సాయంత్రం మా వరండాలో ఒక్కసారిగా తుమ్ములు మొదలయ్యాయి. గుంటూరులో పుట్టి పెరిగిన మన వయసువాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఎవరో మిరపకాయల పనిలోంచి తిన్నగా వచ్చారన్నమాట. తలెత్తి చూస్తే గేటు అవతల ఒకామె కొంగు బిగించి పట్టుకుని నిలబడి ఉంది. ఆమె కూతురు, మా దగ్గరకు చదువుకోవడానికి వచ్చే పదో తరగతి పిల్ల, పరుగున వెళ్ళి గొంతు తగ్గించి, "ఇక్కడే ఉండమ్మా, లోపలికి రామాక" అంటోంది.

ఆ మాట నేనూ అన్నాను, మా అమ్మతో.

మా అమ్మ మిరపకాయల తొడిమలు తీసేది. పొద్దుగూకే వేళ ఇంటికొచ్చేసరికి చేతులు భగభగ మండుతుండేవి. గిన్నెలో మజ్జిగ పోసుకుని, చేతులు రెండూ అందులో ముంచి, గడపలో కూర్చుని నన్ను చదవమనేది. నా పుస్తకం మాత్రం ముట్టుకునేది కాదు, ఆ కారం కాగితానికి అంటి నా కళ్ళలో పడుతుందని భయం. అక్షరం ముక్క రాదు గాని, అర్థం కాకుండా గడగడా చదివేస్తే ఇట్టే పట్టేసేది. "ఏమే, అక్కడ నీళ్ళు నమిలావు, మళ్ళీ చదువు" అనేది.

పదో తరగతిలో నాకు బహుమతి ఇస్తున్నారని తెలిసి, చీర మార్చుకునే తీరిక లేక, పనిలోంచి అలాగే బడికి వచ్చింది. ముందు వరుసల్లో అందరికీ దగ్గులూ తుమ్ములూ, పిల్లలు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నా బుద్ధి గడ్డి తిని, ఆమెను బయటికి తీసుకెళ్ళి, "ఇంకెప్పుడూ మా బడికి రామాకమ్మా" అన్నాను. ఆమె అట్నుంచి అటే పనిలోకి తిరిగి నడిచింది. తర్వాత నా కాలేజీలోకి రాలేదు, నేను పంతులమ్మనయ్యాక నా బడిలోకీ రాలేదు. ఎంత బతిమాలినా గేటు దాకా వచ్చి, "నేనిక్కడ బాగానే ఉన్నాలే, నువ్వెళ్ళు" అనేది. క్షమించమని అడగడానికి నోరు రాక, రేపు అడుగుదాంలే అనుకుంటూ ఏళ్ళు గడిపేశాను. ఈలోగా ఆమె వెళ్ళిపోయింది.

ఆమె పేరు మీదే ఈ ఆదివారాల చదువు మొదలుపెట్టాను. నాలాగా రిటైరైన పంతుళ్ళూ పంతులమ్మలూ ఒక్కొక్కరూ ఒక్కో పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఏడాది పొడుగునా ఆ పిల్ల చదివేది వింటారు. పాఠం చెప్పడం తర్వాత, ముందు వినడం. అది మా అమ్మ పద్ధతి.

మొన్న నేనే గేటు దాకా వెళ్ళి ఆ పిల్ల తల్లి చెయ్యి పట్టుకున్నాను. "వద్దులెండి మేడమ్, ఘాటు" అని వెనక్కి లాక్కోబోయింది. నేను వదల్లేదు. కూతురి ఎదురుగా కూర్చోబెట్టి, గిన్నెడు మజ్జిగ తెచ్చి ముందుంచాను. ఆ పిల్ల తల దించుకుని మొదలుపెట్టింది. కాసేపటికి తల్లి ముఖం చూస్తూ చదివింది. మేమంతా తుమ్ముతూనే విన్నాం.

మన ఊళ్ళో ఎన్నో మారాయి. పెంకుటి బడులు మేడలయ్యాయి, పిల్లలకు ఫోనులోనే పాఠాలు దొరుకుతున్నాయి, తొడిమలు తీసేవాళ్ళు కొందరు చేతులకు తొడుగులు వేసుకుంటున్నారు. అమ్మలు గేటు అవతల ఆగిపోవడం మాత్రం ఇంకా ఉంది. అందరూ వెళ్ళాక చూసుకుంటే నా అరచెయ్యి మండుతోంది. కడుక్కోబుద్ధి కాలేదు. మా అమ్మ చెయ్యి ఒక్కసారైనా అలా పట్టుకుని లోపలికి తీసుకురావలసింది, తీసుకురాలేదు.