మీటింగ్ పప్పు

పప్పు మాడ్చిన వంటమనిషిని క్షమించవచ్చు. బడిలో పిల్లల్ని మాయం చేసిన వంటమనిషిని క్షమించడం కష్టం. నేను ఒకే పూటలో రెండూ చేశాను. అదీ దొంగచాటుగా కాదు, తొమ్మిది మంది టీచర్లు నోటు పుస్తకాలు తెరిచి రాసుకుంటూ ఉండగా.

అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్లు. చిన్నతనం. ముందూ వెనకా తెలియని వయసు. ఇప్పుడు అరవై ఐదు దాటి కాస్త బుద్ధి వచ్చింది కాబట్టి ధైర్యంగా చెప్పుకుంటున్నాను.

చిత్తూరు నుంచి తిరుపతికి పోయే బస్సులు ఆగీ ఆగనట్టు ఆగే ఊరు మాది. ఆ ఊరి చిన్న బడిలో మధ్యాహ్నం అన్నం వండేదాన్ని. నా వంటింట్లో చట్టాలు కఠినం. గంట కొట్టకముందు ఒక్క మెతుకు ఎవరికీ పెట్టను. హెడ్మాస్టరు మునిరత్నం సారు ఉప్పు చూస్తానని వచ్చినా అరచేతిలో ఒక్క చుక్క, అంతే. కరివేపాకు దూశాక మిగిలిన పుల్లను కూడా పారేసేదాన్ని కాదు, పొయ్యిలోకి పంపేదాన్ని. వేలూరు బస్సు పోగానే పప్పు ఎక్కించడం, తిరుపతి బస్సు హారన్ వినబడగానే దించడం. ఏనాడూ అటూ ఇటూ కాలేదు. పిల్లలు నన్ను ఎదురుగా "అవ్వా" అనేవాళ్లు, వెనక "పోలీసవ్వ" అనేవాళ్లు. రెండూ నాకు వినబడేవి.

నాలుగూ ఐదూ తరగతులకు చెప్పేది ఉమ టీచరు. తిరుపతి నుంచి రోజూ బస్సులో వచ్చేది. ముప్పై కూడా నిండని పిల్ల. ఆ ఏడాది ఆమెను ఏడిపించిన పాఠం ఒకటుంది: భాగాల లెక్క. మూడింట ఒక భాగం పెద్దదా, నాలుగింట ఒక భాగం పెద్దదా? హారిక, జాషువా, చరణ్ అని ఐదో తరగతిలో ముగ్గురు. ఎప్పుడడిగినా ఒకే గొంతుతో "నాలుగు టీచర్!" అనేవాళ్లు. మూడు కంటే నాలుగు పెద్దది కదా, వాళ్లకు ఇంకేం కావాలి. ఆమె కాగితాలు కత్తిరించింది, గుండ్రాలు గీసింది, రంగులు పూసింది. తిరుమల కొండ ఎక్కించినట్టు ఒక్కో మెట్టూ ఎక్కించేది. తీరా పైకి చేరాక వెనక్కి తిరిగి చూస్తే ఆ ముగ్గురూ కింద అలిపిరిలోనే నిలబడి "నాలుగు టీచర్!" అని అరిచేవాళ్లు.

ఒక రోజు ఆమె వంటింటి గడప మీద కూర్చుంది. ముఖం వెలిగిపోతోంది.

"అవ్వా, వచ్చే శనివారం మన బడికి వాళ్లొస్తా ఉండారు."

"యెవరమ్మా వాళ్లు?"

"చుట్టుపక్కల బళ్లలో టీచర్లు. నెలకొక బడిలో కలుస్తామవ్వా. ఒకరు పాఠం చెప్తే మిగతావాళ్లు వెనక కూర్చుని పిలకాయల్ని సూస్తారు. తర్వాత అందరం గుండ్రంగా కూర్చుని మాట్లాడుకుంటాం. మన వంతు ఎప్పుడొస్తుందా అని ఎదురు సూస్తా ఉండా. భాగాల పాఠమే చెప్తా."

"వచ్చిన పాఠం చెప్పుకోక, ఆ రాని పాఠం యెందుకమ్మా?"

"రానిదే సూడల్లవ్వా. ఆ ముగ్గురికీ యాడ తప్పుతా ఉండాదో నా ఒక్కదానికి తెలీలేదు. ఇంకో నాలుగు జతల కళ్లు సూస్తే తెలుస్తుందేమో. ఇది పోతే మళ్లీ ఏడాదికి గానీ మన వంతు రాదు. అప్పటికి వాళ్లు ఈ బడి దాటి పోతారు."

ఆమె ఇంత స్పష్టంగా చెప్పింది. నేను విన్నదీ ఇంతే. చెవులు సరిగ్గానే పనిచేశాయి, వంకర తిరిగింది బుద్ధి.

ఎందుకు తిరిగిందో చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి. నేను మూడో తరగతి సగం దాకా చదివాను. ఆ సగంలో ఒక రోజు బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడన్నారు. మా అయ్యవారు పొద్దున్నే అందరినీ ప్రశ్నలడిగి, జవాబు రాని ఐదుగురిని బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరాడు. "పోండి, చింతతోపులో పుల్లలు ఏరుకోపోండి. జీపు పోయేదాకా ఈ తట్టు రావద్దండి" అన్నాడు. ఆ ఐదు రాళ్లలో నేనొక రాయిని. పుల్లలు ఏరకుండా చెట్టు మొదట్లో కూర్చుని బడి కిటికీ వైపే చూస్తూ ఉండిపోయాను. లోపల ఏం అడుగుతున్నారో, ఎవరేం చెబుతున్నారో. ఆ ఏడే మా నాయన నన్ను బడి మాన్పించి, చిన్న తమ్ముణ్ని నా చంకకెక్కించాడు. చదువు అక్కడితో సరి.

కాబట్టి నాకు తెలిసిన లోకనీతి ఒక్కటే. బయటివాళ్లు పుస్తకాలు పట్టుకుని వచ్చారంటే తప్పులు ఏరడానికే. అప్పుడు రానివాళ్లను దాచాలి. ఈ పట్నం పిల్లకు ఆ మాత్రం లౌక్యం తెలియదు పాపం, ఆమె పరువు నేనే కాపాడాలి అనుకున్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు చదవకుండానే పోయింది.

శనివారం రానే వచ్చింది. ఏడుగురు టీచర్లు మోటారు సైకిళ్ల మీదా బస్సులోనూ దిగారు. వేలూరు బస్సు పోగానే నేను పాలకూర పప్పు పొయ్యి మీదికెక్కించి, కట్టెలు ఎగదోసి, ఆ ముగ్గురికీ వల వేయడానికి బయలుదేరాను.

"యేమే హారికా, ఒరే జాషువా, చరణూ! ఇట్రాండి. అనపకాయలు ఒలవల్ల."

"ఈ పొద్దు పాఠముండాదవ్వా," అంది హారిక. "మమ్మల్ని ముందర కూర్చోమనింది టీచర్."

"ముందరా లేదు, ఎనకా లేదు. నడువు."

"టీచర్‌కి చెప్పొస్తాం."

"నేను చెప్పినాలే."

అబద్ధం. ఇంకొకటి కూడా చేశాను. మిగతా పిల్లలను వరండాలో ఆపి, గరిటె చూపించి, "ఆ ముగ్గురూ యాడ అని ఎవురడిగినా తెలీదనండి" అని బెదిరించాను. ముగ్గురినీ బియ్యం మూటల గదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరకు లాగాను.

తరగతిలోంచి ఉమ టీచరు గొంతు వినబడింది.

"హారిక యాడ? జాషువా? చరణ్?"

"తెలీదు టీచర్!" భాగాల లెక్కలో ఒక్కనాడూ కుదరని ఐకమత్యం ఇప్పుడు కుదిరింది.

"పొద్దున ప్రేయర్‌లో ఉండారు గదా!"

"తెలీదు టీచర్!"

ఆమె వంటింటికి పరుగెత్తుకొచ్చింది.

"అవ్వా, ఆ ముగ్గురినీ సూసినావా?"

"నేనేడ సూసేదమ్మా, పప్పు పనిలో ఉండా. ఇంటికి పోయుండారేమో. పోనీలే, ఉన్నోళ్లతో కానియ్యి. ఉన్నోళ్లందరికీ బాగా వస్తాది గదా."

"వాళ్ల కోసమేనవ్వా ఇంతమందిని పిలిచింది! వాళ్లు లేకుండా ఎవురికి చెప్పేది పాఠం?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడైనా నోరు తెరవాలా వద్దా, మీరే చెప్పండి. నేనేం చేశానో తెలుసా? "పాపం, వచ్చినోళ్లను సూసి భయపడుతోంది" అనుకుని ఇంకా గట్టిగా నోరు మూసుకున్నాను.

ఆమె వెళ్లగానే మూటల గదిలో గొణుగుడు మొదలైంది.

"అవ్వా, ఆకలి."

"గమ్మునుండండి."

"ఆకలైతే గమ్మునెట్ల ఉండేది?"

బడి అన్నం గంటకు ముందు ముట్టనివ్వను కదా. చట్టం చట్టమే. చివరికి నా కోసం ఇంటి నుంచి తెచ్చుకున్న రాగి సంగటి ముద్ద, చెనక్కాయలు నూరి చేసిన ఊరిబిండి బయటికి తీశాను. ముద్దను తడిచేత్తో మూడు సమ ముక్కలు చేసి ముగ్గురి చేతుల్లో పెట్టాను. ఆ వాసనకు నా కడుపు నన్ను తిట్టింది. పొద్దున్నించి కాఫీ చుక్క తప్ప ఏమీ లేదు.

"నాకూ రవ్వంత పెట్టండిరా. కలిపి నలుగురికీ మళ్లీ పంచుతా."

"వద్దవ్వా!" ముగ్గురూ చేతులు వెనక్కి దాచుకున్నారు.

"సంగటి నాదిరా!"

"నీదేలే అవ్వా," అన్నాడు చరణ్. "అయితే నలుగురికి పంచితే మా ముక్క చిన్నదైపోతాది."

"అదెట్లరా?"

"ఎట్లేంది!" హారిక నన్ను జాలిగా చూసింది. "మంది ఎక్కువైతే ముక్క తక్కువ. ముగ్గురిలో ముక్క పెద్దది, నలుగురిలో ముక్క చిన్నది. ఇది కూడా తెలీదా నీకు?"

"పదిమందొస్తే ఇంగ యేలు నాక్కోవల్సిందే," అన్నాడు జాషువా.

నాకు తెలియకపోవడమా! మా ఇంట్లో మేం ఆరుగురం పిల్లలం. ఆరో భాగం ఎంతో వేలి కొస మీద చూపించగలను.

అప్పుడు తలుపు తెరుచుకుంది. పిల్లల్ని వెతకడానికి బయలుదేరిన ఉమ టీచరు, ఆమె వెనక మునిరత్నం సారు, ఆయన వెనక ఏడు నోటు పుస్తకాలు. దొంగకు తేలు కుట్టినట్టు అంటారు. నాకు తొమ్మిది తేళ్లు ఒక్కసారే కుట్టాయి. అందులో సగం కళ్లద్దాలు పెట్టుకున్న తేళ్లు.

ఉమ టీచరు నా వైపు చూడనే లేదు. హారిక ముందు గొంతుక్కూర్చుంది.

"ఇంకోసారి చెప్పమ్మా. ఏది పెద్దది?"

"ముగ్గురిలో ముక్క టీచర్."

ఆమె సుద్దముక్కతో బండ మీద రాసింది. ఒకటి, కింద గీత, గీత కింద మూడు. పక్కన ఒకటి, గీత, కింద నాలుగు.

"ఇప్పుడు చెప్పు. దీంట్లో ఏది పెద్దది?"

హారిక ఆ అంకెలను చూసింది. సంగటి మింగింది.

"నాలుగు టీచర్!"

ఏడు కలాలు ఒకేసారి బరబర గీసుకున్నాయి.

"అదీ, ఆడ తప్పుతా ఉండాది," అన్నాడు మునిరత్నం సారు నెమ్మదిగా. "ముక్క సంగతి బాగా తెలుసు. గీత కింద అంకెకూ ఆ ముక్కకూ ఏం చుట్టరికమో తెలీదు. మా బడిలో మా తప్పే ఇది."

"మా బడిలోనూ ఇంతే సార్," అన్నారు వచ్చినవాళ్లలో ఒకరు.

ఉమ టీచరు సుద్దతో ఆ నాలుగు చుట్టూ సున్న చుట్టింది. "జాషువా, ఇది సంగటికి కూర్చున్న మంది."

"ఓ... అది మందా!" జాషువా నుదురు కొట్టుకున్నాడు. "ముందే చెప్పొచ్చు గదా టీచర్! నలుగురైతే చిన్నదే!"

ఆమె నవ్వింది. ఆ నవ్వు కోసం సంగటి మొత్తం పోయినా ఫరవాలేదనిపించింది. నాలాంటిదానికి అలా అనిపించడం చిన్న విషయం కాదు.

పిల్లల్ని తరగతికి పంపి అందరూ వంటింటి వసారాలోనే చాప పరిచి గుండ్రంగా కూర్చున్నారు. నేను గోడలో కలిసిపోవడానికి ప్రయత్నిస్తున్నాను.

"అవ్వా, నువ్వూ రా," అన్నాడు మునిరత్నం సారు.

"నేనేంది సార్? పప్పు..."

"కూర్చోవ్వా."

చాప కొసన కూర్చున్నాను. బడిలో నేను కూర్చోవడం, చింతతోపుకు పోయిన రోజు తరువాత అదే మొదలు.

ఉమ టీచరు కోపంగా అడిగి ఉంటే నేనూ కోపంగా జవాబిచ్చేదాన్ని. ఆ పని నాకు బాగా వచ్చు. ఆమె మెల్లగా అడిగింది. "వాళ్లను ఎందుకు దాచినావవ్వా?"

చెప్పేశాను. ఇన్‌స్పెక్టరు, జీపు, ఐదు రాళ్లు, కిటికీ, అన్నీ. నా పిల్లలకు కూడా చెప్పని ముచ్చట. చెబుతూ ఉంటే అర్థమైంది, అయ్యవారు నాకు చేసిందే ఆ ముగ్గురికీ చేశానని.

"ఆ పొద్దు ఇన్‌స్పెక్టరు ఏం అడిగినాడు?" అన్నాడు మునిరత్నం సారు.

"నాకేం తెలుసు సార్? నేను తోపులో ఉంటి గదా!"

అందరూ నవ్వారు. సగంలో ఆగిపోయారు.

"మరి అయ్యవారు అడిగినప్పుడు నీకు రాందేందవ్వా?" అంది ఉమ టీచరు.

యాభై ఏళ్లలో ఆ మాట నన్ను అడిగినవాళ్లు లేరు.

"గడియారమమ్మా. పెద్దముల్లు మూడు మీద ఉంటే పదిహేను నిమిషాలంటారు. మూడు మూడు గాకుండా పదిహేనెట్లయ్యేది? నాకు ఇప్పటికీ తెలీదు. బస్సుల్ని బట్టి వండుతా ఉండా."

నవ్వండి, మీరు నవ్వండి. వాళ్లు మాత్రం నవ్వలేదు. మామిడితోపులో మొదటి పండు దొరికిన పిలకాయల్లా అందరూ ఒకేసారి ముందుకు జరిగారు. ఒకాయన గచ్చు మీద గుండ్రం గీశాడు. ఒకామె చుట్టూ అనపగింజలు ఐదేసి పెట్టింది. "అట్ల కాదు, ముందర చిన్నముల్లు చెప్పల్ల" అని ఒకరు, "వద్దు, ఆమెను ఎంచనీయండి" అని ఇంకొకరు. తొమ్మిది మంది టీచర్లు నా ఒక్కదాని కోసం కొట్లాడుకున్నారు! మునిరత్నం సారు చేతి గడియారం విప్పి నా అరచేతిలో పెట్టాడు.

"ఒక్కో అంకెకూ ఐదేసి గింజలు. ఎంచుకుంటా పో అవ్వా."

"ఐదు, పది, పదిహేను." ఆగాను. వేలు మూడు మీద ఉంది. "ఓ... మూడు ఐదులా! ముందే చెప్పొచ్చు గదా సార్!"

"ఇప్పుడు టైమెంతో చెప్పు."

గడియారాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాను. చిన్నముల్లు పన్నెండు దాటింది. పెద్దముల్లు ఏడు మీదుంది. ఐదేసి ఎంచుకుంటూ పోయాను. జన్మలో మొదటిసారి, ఎవరి సాయం లేకుండా, గట్టిగా చదివాను.

"పన్నెండూ ముప్పై ఐదు!"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టుకున్నాను. రెండో చప్పట్లో చేతులు గాలిలో ఆగిపోయాయి.

పన్నెండూ ముప్పై ఐదు. తిరుపతి బస్సు ఎప్పుడో పోయింది. పన్నెండున్నరకు గంట కొట్టాల్సిన హెడ్మాస్టరు నా పక్కనే కూర్చుని చప్పట్లు కొడుతున్నాడు. నేను చదవగలిగిన మొట్టమొదటి టైము నాకు చెప్పిన మొట్టమొదటి కబురు, పప్పు మాడిపోయిందని.

పరుగెత్తాను. వంటింట్లో పొగకు దారి కనబడలేదు. పారేయడం నా చట్టంలో లేదు కాబట్టి పైపైన తేర్చి, పోపు రెండింతలు పెట్టి వడ్డించాను. పిల్లలు ముద్ద నోట్లో పెట్టి నన్ను చూశారు.

"అవ్వా, ఇదేం పప్పు?" అంది హారిక.

నేను నోరు తెరిచేలోపే చరణ్ అందుకున్నాడు. "మీటింగ్ పప్పు!"

ఆ పేరు ఊళ్లో నిలిచిపోయింది. ఇప్పటికీ ఎవరింట్లో పప్పు అడుగంటినా, "ఏమ్మా, మీటింగ్‌కి పోయింటివా?" అని అడుగుతారు. వచ్చిన టీచర్లు మాత్రం ఒక్క మెతుకు వదలకుండా తిన్నారు. ఒకాయన తింటూనే నోటు పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో నేను అడగలేదు.

తరువాతి నెల ఆ మీటింగు చాప ఇంకో బడికి పోయింది. రెండేళ్లకు ఉమ టీచరుకు శ్రీకాళహస్తి వైపు బదిలీ అయింది. మునిరత్నం సారు రిటైరయ్యాడు. నేనూ వంట మానేశాను. నాకు రానివి ఇంకా చాలా ఉన్నాయి. మందు సీసా మీద గీతలు రావు. లెక్కలో అంకెల మధ్య చుక్క ఎందుకు పెడతారో తెలియదు. నా పోలీసు ముఖం చూసి, నీకు రాందేందవ్వా అని ఎవరడుగుతారు? శనివారం పూట బడి ముందు నుంచి పోతే, కాళ్లు ఆగి, ఆ వసారా వైపు చూపు పోతుంది. వెనకటికి చింతతోపులోంచి చూసినట్టే.

సరే, ఏడుకొండలవాడి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఒకటి, రాదని ఏ బిడ్డనూ మళ్లీ దాచను. రెండు, పొయ్యి మీద పప్పు పెట్టి మళ్లీ ఏ మీటింగులోనూ కూర్చోను. రెండు ఒట్లూ ఇంతవరకు తప్పలేదు. రెండోది తప్పుదామన్నా పిలిచేవాళ్లు లేరు. ఎవరైనా పిలిస్తే మాత్రం కట్టెలు వెనక్కి లాగి, నిప్పుల మీద నీళ్లు చల్లి వస్తాను. ఎన్ని గంటలకో చెబితే చాలు. టైము నేనే చూసుకుంటాను.